చలిమిడి నెలలో షుగరు పరీక్ష

ఏడో నెల రాగానే తెలుగింట్లో రెండు పనులు ఒకేసారి వచ్చిపడతాయి. ఒకటి సీమంతం. పుట్టింటివాళ్ళు చలిమిడి చేసుకొస్తారు. తడిపిండిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి, గసగసాలు, కొబ్బరి ముక్కలు వేసిన ఆ ముద్దను కూతురి ఒళ్ళో పెడితే కడుపు చల్లగా ఉంటుందని నమ్మకం. రెండోది డాక్టరమ్మ చీటీ మీద రాసిచ్చిన షుగరు పరీక్ష. ఇది 24 నుంచి 28 వారాల మధ్య చేయించాల్సినది. మొదటిదానికి పురోహితుణ్ణి అడిగి రోజు చూస్తారు, ఫోటోగ్రాఫరుకు అడ్వాన్సు ఇస్తారు. రెండోదాన్ని ‘ఫంక్షన్ అయ్యాక చూద్దాంలే’ అంటారు.

ఫంక్షన్ అయ్యాక తొలిచూలు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. ఊరు మారుతుంది, ఆస్పత్రి మారుతుంది, ఫైలు కొత్తదవుతుంది. పరీక్ష అక్కడ చేయించుకుంటుందిలే అని అత్తవారి ఊరి డాక్టరు అనుకుంటే, అక్కడే అయిపోయి ఉంటుందిలే అని పుట్టింటి ఊరి డాక్టరు అనుకుంటారు. ఎవరూ చెడు తలపెట్టలేదు. పరీక్ష మాత్రం జారిపోయింది.

ఈ పరీక్షకు ఏడో నెలే ఎందుకంటే, కడుపులో మావి పెరిగేకొద్దీ అది విడుదల చేసే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి. బిడ్డకు తిండి లోటు రాకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. చాలామందిలో క్లోమం మరికాస్త ఇన్సులిన్ తయారుచేసి సర్దుకుంటుంది. కొందరిలో ఆ భారం మోయలేకపోతుంది, అప్పుడు రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. తల్లి గ్లూకోజ్ మావి దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిపడిన చక్కెరతో వేగడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తీస్తుంది. ఆ ఇన్సులిన్ బిడ్డకు కొవ్వు పట్టిస్తుంది. కోపెన్‌హాగెన్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలో ఈ గొలుసును విప్పి చెప్పాడు. ఇందులో పైకి కనబడేది దాదాపు ఏమీ ఉండదు. దాహం, మాటిమాటికీ మూత్రం, అలసట నిండు గర్భిణికి ఎలాగూ ఉండేవే. ముఖం చూసి, కడుపు చూసి, నడక చూసి చెప్పగలమనుకునే పెద్దవాళ్ళు ఇక్కడ నిజంగానే నిస్సహాయులు.

పైగా కంటికి కనబడేది ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. 1824లో బెర్లిన్‌లో హైన్రిచ్ బెన్నెవిట్జ్ తన వైద్య పట్టా కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో ఒక కాన్పు గురించి నమోదు చేశాడు. తల్లికి 22 ఏళ్ళు, ఐదో కాన్పు. ఎంత తాగినా తీరని దాహం, మూత్రంలో చక్కెర. బిడ్డ 12 పౌన్లు తూగింది, అంటే సుమారు ఐదున్నర కిలోలు. హెర్క్యులిస్ కన్న బిడ్డేమో అనిపించేంత దిట్టంగా ఉందని ఆయన ఆశ్చర్యపోయాడు. మనవాళ్ళయితే భీముడు పుట్టాడనేవాళ్ళు. ఆ బిడ్డ కాన్పులోనే చనిపోయింది. కాన్పయ్యాక తల్లి మూత్రంలో చక్కెర కనబడలేదు. గర్భంతో వచ్చి గర్భంతో పోయే షుగరు గురించి వైద్య చరిత్రలో నమోదైన తొలి కేసుల్లో ఇదొకటి.

రెండు వందల ఏళ్ళు గడిచాయి. బొద్దుగా పుడితే బలం అన్న మాట ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. చక్కెర పోటుతో పెరిగిన బిడ్డకు కొవ్వు భుజాల దగ్గర, మొండెంలో పేరుకుంటుంది. తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుంటే చెయ్యి నరాలు దెబ్బతినవచ్చు, కాలర్ బోన్ విరగవచ్చు. అలాగని బిడ్డ చిన్నగా ఉంటే నిశ్చింతగా ఉండడానికీ లేదు. పుణెలోని కెఇఎం ఆస్పత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్ళ పిల్లలది 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ బాగా తక్కువ, చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే సన్నగా కనబడే బిడ్డలోనూ కొవ్వు దాగి ఉంటుంది. కంటి చూపుతో చేసే లెక్కకు ఇది అందదు.

ఇక ‘ఇద్దరి తిండి తినాలి’ అన్న సామెతలాంటి సలహా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు అదనంగా కావాల్సింది 350 కిలోకేలరీలు. రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసు పాలు తీసుకుంటే ఇంచుమించు సరిపోతుంది. రెండో మనిషి తిండి అంతే. ఈ సామెత పుట్టిన కాలంలో గర్భిణికి కడుపునిండా పెట్టడమే గొప్ప, ఎందరో కోడళ్ళకు ఆ వంక లేకపోతే ఆ మాత్రం కూడా దక్కేది కాదు. ఆ మేరకు దాన్ని వెక్కిరించాల్సిన పని లేదు. కానీ అప్పటి కొరతకు పుట్టిన మాటను ఇప్పటి ఇంట్లో, మూడు పూటలా తెల్లన్నం తిని మధ్యలో బూందీ లడ్డు నములుతున్న అమ్మాయికి చెప్పడం వేరు.

చక్కెర చెడ్డది, బెల్లం మంచిది అన్నది ఇంకో నమ్మకం. బెల్లంలో కాస్త ఇనుము, ఖనిజాలు ఉన్న మాట నిజమే. అయితే దానిలో ప్రధానంగా ఉన్నది చక్కెరలో ఉన్న సుక్రోజే. తేనెలో ఉన్నది గ్లూకోజ్, ఫ్రక్టోజ్. గ్లూకోమీటరుకు బెల్లం కులం, చక్కెర కులం తెలియవు. అనుమానం ఉన్నవాళ్ళు వాదించుకోనక్కర్లేదు. ఇంట్లో మీటరు ఉంటే, తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకుంటే సరిపోతుంది. తేలిక పరీక్ష చేతిలో ఉండగా తరతరాల మాటనే సాక్ష్యంగా తెచ్చుకోవడంలోనే చిక్కంతా ఉంది. పూర్వులు ఇలా ఉండేవారు కాదు. మూత్రానికి చీమలు పడుతున్నాయా అని గమనించి మధుమేహాన్ని పోల్చిన ప్రాచీన భారతీయ వైద్యులు చేసింది, ఆనాటికి అందుబాటులో ఉన్న పరీక్షే. ఆయుర్వేదం పేరు చెప్పి పరీక్ష వద్దనేవాళ్ళు ఆ చీమల దగ్గర కూడా కాస్త నేర్చుకోవచ్చు.

పరీక్ష మీద భయాలూ తక్కువేమీ కాదు. ‘అంత గ్లూకోజ్ తాగిస్తే బిడ్డకే షుగరు వస్తుంది’ అని ల్యాబు బయట కూర్చున్న అత్తగారు సందేహపడుతుంది. తాగించేది 75 గ్రాములు. వంద గ్రాముల బియ్యం వండుకు తింటే ఒంట్లోకి చేరే పిండిపదార్థం కూడా దాదాపు అంతే. ఒక్కసారి తాగిన ఆ నీళ్ళు జబ్బు తెచ్చిపెట్టవు, ఉన్న జబ్బును బయటపెడతాయి. భారత ప్రభుత్వం 2014లో తెచ్చి 2018లో సవరించిన మార్గదర్శకాలు ప్రతి గర్భిణికీ రెండుసార్లు ఈ పరీక్ష చేయమంటాయి. ఒకటి మొదటిసారి ఆస్పత్రికి వచ్చినప్పుడు, ఇంకొకటి 24-28 వారాల్లో. పరగడుపున రానక్కర్లేదు. తిని వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి. అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్ళీ చేస్తారు. రెండు గంటలకు రక్తంలో చక్కెర 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భధారణ షుగరుగా లెక్క. చెన్నై వైద్యుడు వి. శేషయ్య చొరవతో రూపొందిన పద్ధతి ఇది. ఆయన పుట్టినరోజు మార్చి 10నే దేశంలో గర్భధారణ మధుమేహ అవగాహన దినంగా పాటిస్తున్నారు. రేపు పరగడుపున రమ్మంటే, బస్సెక్కి వచ్చిన కూలి మనిషి మర్నాడు రాదని తెలిసినవాళ్ళు పెట్టిన పరీక్ష ఇది.

మరి ఆ 140 ఆకాశవాణి చెప్పిన అంకా అని అడగడం హేతువాదికి ధర్మం. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పిన పద్ధతి వేరు. అక్కడ పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 హద్దులు. మన ఒంటి అంకె పద్ధతిలో కొన్ని కేసులు జారిపోతాయని విమర్శించే వైద్యులు ఉన్నారు. 2008లో వెలువడిన హాపో అధ్యయనం 9 దేశాల్లో సుమారు 25,000 మంది గర్భిణులను పరిశీలించి, చక్కెర పెరిగేకొద్దీ ముప్పు మెట్టు మెట్టుగా పెరుగుతుందని చూపింది. ఇక్కడిదాకా క్షేమం, ఇక్కణ్ణుంచి ప్రమాదం అని ప్రకృతి గీసిన గీత దానికి దొరకలేదు. గీత గీసింది మనుషులే, వాదించుకుని ఒప్పందానికి వచ్చి గీశారు. కొత్త సాక్ష్యం వస్తే చెరిపి మళ్ళీ గీస్తారు. బెల్లం నమ్మకాన్ని ఎవరైనా ఇలా ఎప్పుడైనా సవరించారా? చికిత్సతో లాభం ఉందా అన్న ప్రశ్ననూ వదిలెయ్యలేదు. ఆస్ట్రేలియాలో ప్రధానంగా సాగి 2005లో వెలువడిన పరిశోధనలో వెయ్యి మంది గర్భిణులను రెండు జట్లుగా విడదీశారు. చికిత్స అందిన జట్టులో శిశువులకు తీవ్రమైన చిక్కులు వచ్చింది 1 శాతం, అందని జట్టులో 4 శాతం.

గ్రహణాల సంగతి చూస్తే నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. గ్రహణం నాడు గర్భిణి కత్తి పట్టకూడదు, కదలకూడదు, తినకూడదు, లేకపోతే బిడ్డ మొర్రితో పుడుతుందంటారు. సూర్యగ్రహణానికి పన్నెండు గంటల ముందు నుంచే ఉపవాసం ఉంచే ఇళ్ళున్నాయి. ఇన్సులిన్ వేసుకుంటున్న అమ్మాయిని అలా పస్తు పెడితే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఇందులో విడ్డూరం ఇంకోటి ఉంది. గర్భానికి ముందే తెలియకుండా షుగరు ఉండి, తొలి వారాల్లో అదుపు తప్పితే బిడ్డకు గుండె లోపాలు, వెన్ను లోపాలు, మొర్రి కూడా వచ్చే అవకాశం పెరుగుతుంది. మొదటి పరీక్షను మొదటి నెలల్లోనే చేయమనడానికి ఒక కారణం ఇదే. చంద్రుడి నీడను చూసి వణికే ఇంట్లో ఆ పరీక్ష కాగితం మీద ఎవరి చూపూ పడదు.

ముహూర్తం సిజేరియన్లు ఇంతకన్నా ప్రమాదం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు కోతతోనే జరిగాయి. అన్నిటికీ పంచాంగమే కారణం కాదు, ఆస్పత్రుల వ్యాపారమూ ఉంది. అయితే నక్షత్రం బాగుందని రెండు వారాల ముందే కోయించుకునే ఆచారం మన దగ్గర బాహాటంగానే సాగుతోంది. తల్లికి షుగరు అదుపులో లేనప్పుడు బిడ్డ ఒంట్లో పెరిగిన ఇన్సులిన్ ఊపిరితిత్తులు పక్వానికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది. వైద్య కారణం లేకుండా 39 వారాలకు ముందు కోయకూడదన్న నియమం ఏ తల్లికైనా వర్తిస్తుంది, ఈ తల్లికి మరీ ముఖ్యం. ముందుగా కాన్పు చేయాల్సిన అవసరం కొన్నిసార్లు వస్తుంది. అది స్కానింగు, చక్కెర అంకెలు చూసి వైద్యులు నిర్ణయించాల్సింది. జాతకం బాగుందని ఊపిరి అందని బిడ్డను ఇంక్యుబేటరులో పెట్టడం ఏ శాస్త్రం?

పుట్టిన మొదటి గంట మరో గండం. బొడ్డు కోయగానే తల్లి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం జోరుమీదే ఉంటుంది. దాంతో బిడ్డ రక్తంలో గ్లూకోజ్ పడిపోవచ్చు. ఆ గంటలో కావాల్సింది తల్లిపాలు, మడమ దగ్గర చుక్క తీసి చూసే పరీక్ష. మనవాళ్ళు మంచి ఘడియ కోసం ఆగుతారు, ముర్రుపాలు పిండి పారబోస్తారు, నాలుక మీద తేనె రాస్తారు. ఏడాది లోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు, దానివల్ల బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.

మూఢనమ్మకాలు ముసలివాళ్ళ సొత్తని కుర్రవాళ్ళు మురిసిపోనక్కర్లేదు. దాల్చినచెక్క నీళ్ళతో షుగరు మాయమవుతుందని ఫోనులో చూసి మందు మానేసేవాళ్ళు చదువుకున్నవాళ్ళే. భయపడి అన్నం పూర్తిగా మానేసి నీరసపడేవాళ్ళూ వాళ్ళే. ‘స్వీట్లు తెగ తినేది, అందుకే వచ్చింది’ అన్న తీర్పు కూడా అంతే తప్పు. ఒళ్ళు, వయసు, వంశంలో షుగరు, మావి హార్మోన్లు కలిసి చేసే పని ఇది. ఒక్క లడ్డు మీద నేరం మోపడానికి లేదు, అమ్మాయి మీద అసలే లేదు. ఆ నింద భయంతోనే కొందరు రిపోర్టు దాచేస్తారు. ఇన్సులిన్ మొదలెడితే జీవితాంతం వదలదన్నది ఇంకో అపోహ. పరీక్షలో తేలాక మొదట రెండు వారాలు తిండి సర్దుబాటు, నడక. అప్పటికీ తిన్న రెండు గంటలకు 120 కిందికి రాకపోతేనే మెట్‌ఫార్మిన్ లేదా ఇన్సులిన్. కాన్పయ్యాక చాలామందికి ఇన్సులిన్ ఆపేస్తారు.

అక్కడితో కథ ముగిసిందనుకోవడమే ఈ జాబితాలో చివరి నమ్మకం. గర్భంలో షుగరు వచ్చిన స్త్రీకి తర్వాత జీవితంలో మామూలు షుగరు వచ్చే ముప్పు, రానివారితో పోలిస్తే ఏడు రెట్లకు పైనే. అందుకే కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. ఆ సమయానికి బాలింత పుట్టింట్లో గడప దాటకుండా, బెల్లం కలిపిన కాయం తింటూ ఉంటుంది. బిడ్డను మాత్రం ఆరో వారం టీకాకు ఎలాగూ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తారు. ఆ రోజే తల్లి కూడా వెళ్ళి, గ్లూకోజ్ నీళ్ళు తాగి, రెండు గంటలు అక్కడే కూర్చుని రక్తం ఇచ్చి రావాలి. వెంట వెళ్ళే అమ్మమ్మలూ నాన్నమ్మలూ ఆ రెండు గంటలు బిడ్డను ఎత్తుకుంటే చాలు.