మాటరాని పిల్లలు

అమెరికా వెళ్లిన మనవాళ్ల కబుర్లనగానే జీతాలూ, కార్లూ, ఇళ్లూ గుర్తొస్తాయి. తండ్రి వేలు పట్టుకుని వెంట వెళ్లిన పిల్లవాడి సంగతి మాత్రం ఎవరూ అడగరు.

మా మేనల్లుడికి తొమ్మిదేళ్లు. మా చెల్లెలికి ఇక్కడి ఉద్యోగం తెమలక, నిరుడు తండ్రీ కొడుకులే ముందుగా న్యూజెర్సీ వెళ్లారు. చోడవరంలో ఇల్లు ఎగరగొట్టిన వాగుడుకాయ, అక్కడి బడిలో మూడు నెలలు నోరు విప్పలేదట. ఇక్కడ చదివింది ఇంగ్లీషు మీడియమే సుమా! పాఠం అప్పజెప్పడం వచ్చు గాని, తోటిపిల్లలు గడగడా మాట్లాడితే ముక్క అర్థమయ్యేది కాదు. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడట, ఎందుకో తెలియకుండానే. ఆ మాట విన్న రాత్రి తండ్రికి అన్నం సయించలేదు.

అయితే ఆ బడివారు వాణ్ణి మొద్దు అనలేదు. రోజూ ఒక గంట విడిగా కూర్చోబెట్టి మాట నేర్పే మేష్టరమ్మను పెట్టారు. ఇప్పుడు వాడు తండ్రి ఉచ్చారణే దిద్దుతున్నాడు!

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా పిల్లలు సుమారు 1,800 మంది ఏ ప్రత్యేకసాయమూ లేక తరగతిలో బొమ్మల్లా కూర్చుంటూంటే, వారి తరఫున వ్యాజ్యం నడిచింది. అందరికీ ఒకే పుస్తకాలూ, ఒకే పంతుళ్లూ ఉన్నప్పుడు అన్యాయమేమున్నదన్నది బడివారి వాదన. భాష తెలియని పిల్లవాడికి అది సమానత్వం కాదని 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. చైనా తలిదండ్రులు తొక్కిన కోర్టుమెట్ల ఫలం మా చోడవరం కుర్రవాడికి దక్కిందన్నమాట.

ఈ సంగతి చెబితే మా వీధి పెద్దమనిషి ఒకాయన "భేష్, అదీ న్యాయమంటే!" అన్నారు. ఏజెన్సీనుంచి వచ్చి మా ఊరి హాస్టల్లో చేరిన పిల్లల్ని "మట్టిబుర్రలు" అనేదీ ఆయనే. 2022 దాకా పాడేరూ చోడవరమూ ఒకే విశాఖ జిల్లా. అయినా ఆ పిల్లల ఇంటిమాట కువి కావచ్చు, కొండభాష కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. తండ్రి ట్రంకుపెట్టె దింపి తిరుగుబస్సు ఎక్కితే, ఆ పసివాడికి మన తెలుగే అమెరికా.

ఇది తెలుసుకోవడానికి మనకు సుప్రీంకోర్టు తీర్పు కూడా అక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవరభాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవమని దండలు వేసి జరుపుకుంటాం, సవర ఊసెత్తకుండా. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతాల గిరిజన భాషల్లో వాచకాలు వచ్చాయి. అవి కొండమీది చిన్న తరగతులకే. పైచదువుకి కిందికి దిగివచ్చినవాడికి ఆ గంటసేపు మేష్టరమ్మ ఏదీ?

నా తరగతిలో ప్రశ్న అడగ్గానే తలవంచుకునే విద్యార్థి కనబడితే, "ఇంట్లో ఏం మాట్లాడతావు నాయనా?" అని ముందుగా అడుగుతుంటాను. ఆ ఒక్క జవాబూ మాత్రం తలెత్తి చెబుతారు.