పాట ముగిశాక మాట మారితే..?
బ్యాంకుల ఈ-వేలాల్లో పాటదారుపైనే భారం. వెనక్కి తగ్గిన విక్రేతకు నష్టం లేదు

పల్లెల్లో చెరువు చేపలకైనా, చింతతోపు ఫలసాయానికైనా వేలం పాట సాగుతున్నప్పుడు 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' అన్న మాటకు ఉన్న విలువ అందరికీ తెలిసినదే. మూడోసారి అన్న తరువాత పాటదారు వెనక్కి తగ్గడానికి వీలులేదు. పెట్టినవారు కూడా ఇంకొకరు పది రూపాయలు ఎక్కువ ఇస్తామన్నారని పాటను రద్దు చేయరు. ఆ ఒక్క మాటే ఉభయులనూ కట్టిపడేస్తుంది.

వేలం పాట ఇప్పుడు కంప్యూటర్ తెరపైకి చేరింది. బాకీ పడినవారి ఇళ్లు, స్థలాలు, మిల్లులు, దుకాణాలను బ్యాంకులు ఆన్‌లైన్‌లోనే విక్రయిస్తున్నాయి. జిల్లా కేంద్రంలో కూర్చున్న వ్యక్తి ఎక్కడి ఆస్తికైనా పాట పాడవచ్చు. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆస్తుల కోసం 2019 డిసెంబరులో 'ఈబిక్రయ్', దాని స్థానంలో 2025 జనవరిలో 'బ్యాంక్‌నెట్' పోర్టల్ అందుబాటులోకి వచ్చాయి. అయితే తెరపై పాట ముగిసి, హెచ్చుపాటదారు ఎవరో తేలి, సొమ్ము కూడా చెల్లించిన తరువాత విక్రేత వెనక్కి తగ్గితే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం సామాన్య కొనుగోలుదారును వేధిస్తూనే ఉంది. దీనిపై సుప్రీంకోర్టు ఇటీవలి సంవత్సరాలలో ఇచ్చిన తీర్పులు కొంత స్పష్టతనిచ్చాయి. ఆ స్పష్టత కొనుగోలుదారు చేతికి అందడానికి పట్టే కాలం, అయ్యే ఖర్చు మాత్రం తగ్గలేదు.

చట్టం ఏమి చెబుతోంది?

1930 నాటి సరకుల విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, వేలం నిర్వాహకుడు సుత్తి దెబ్బతో గానీ, అలవాటైన మరో పద్ధతిలో గానీ పాట ముగిసిందని ప్రకటించినప్పుడు విక్రయం పూర్తవుతుంది. అంతవరకు పాటదారు తన పాటను ఉపసంహరించుకోవచ్చు. ఇది చరాస్తులకు సంబంధించిన నిబంధన.

ఇళ్లు, స్థలాల విషయంలో దారి వేరు. బ్యాంకులు తాకట్టు ఆస్తులను 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం కింద అమ్ముతాయి. వ్యవసాయ భూములకు ఈ చట్టం వర్తించదు. దీని కింద రూపొందించిన నిబంధనల ప్రకారం హెచ్చుపాటదారు పేరిట విక్రయాన్ని అధీకృత అధికారి ఖరారు చేసినా, దానికి రుణమిచ్చిన సంస్థ ధ్రువీకరణ అవసరం. అంటే తెరపై పాట ముగియడానికీ, విక్రయం స్థిరపడటానికీ మధ్య ఖాళీ ఉంది. విక్రేత మాట మార్చే అవకాశం ఆ ఖాళీలోనే పుడుతోంది.

అత్యధిక పాట పాడినంత మాత్రాన ఆస్తిపై హక్కు సంక్రమించదని, దానికి విక్రేత అంగీకారం తోడవ్వాలని సుప్రీంకోర్టు 2017లో హరియాణా పట్టణాభివృద్ధి సంస్థ కేసులో స్పష్టం చేసింది. కనుక ధ్రువీకరణకు ముందు విక్రయాన్ని నిలిపివేయడం ఒక సంగతి, ధ్రువీకరించి సొమ్ము పుచ్చుకున్న తరువాత మాట మార్చడం మరో సంగతి.

తప్పుకుంటే ఎవరికి ఎంత నష్టం?

నిబంధనల ప్రకారం హెచ్చుపాటదారు అదే రోజున, లేదా మరుసటి పనిదినానికి, ధరావతుతో కలిపి పాట మొత్తంలో 25 శాతం చెల్లించాలి. మిగిలిన 75 శాతాన్ని విక్రయం ధ్రువీకరించిన 15 రోజులలోగా కట్టాలి. రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఈ గడువును గరిష్ఠంగా మూడు నెలల వరకు పొడిగించవచ్చు. గడువు దాటితే కట్టిన సొమ్ము జప్తు అవుతుంది.

ఉదాహరణకు 40 లక్షల రూపాయలకు ఇల్లు పాడుకున్న వ్యక్తి మరుసటి రోజుకల్లా 10 లక్షలు కట్టాలి. మిగిలిన 30 లక్షలకు రుణం దొరకక చేతులెత్తేస్తే ఆ 10 లక్షలు పోతాయి. అదే బ్యాంకు వెనక్కి తగ్గితే ఏమవుతుంది? పుచ్చుకున్న సొమ్మును తిరిగి ఇచ్చివేస్తుంది. వడ్డీ ఇవ్వబోమని ముందే షరతుగా రాసుకున్న వేలం ప్రకటనలు ఎన్నో. ఏ కారణమూ చూపకుండా పాటను తిరస్కరించే, వాయిదా వేసే, రద్దు చేసే హక్కు అధీకృత అధికారికి ఉంటుందన్న వాక్యమూ ఆ ప్రకటనలలో పరిపాటి. ఒకే ఒప్పందంలో ఒకరికి జరిమానా ఉంది, రెండవవారికి మినహాయింపు ఉంది.

ఈ జరిమానా ఎంత కఠినమైనదో 2024 ఫిబ్రవరి 2న సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో వెలువడిన తీర్పు తేటతెల్లం చేసింది. 12.27 కోట్ల రూపాయలకు ఆస్తిని పాడుకున్న వ్యక్తి మిగిలిన సొమ్మును గడువులోగా చెల్లించలేకపోవడంతో 25 శాతం కింద కట్టిన 3 కోట్లకు పైగా మొత్తాన్ని బ్యాంకు జప్తు చేసుకుంది. బ్యాంకుకు జరిగిన నష్టం మేరకే జప్తు చేసుకోవాలన్న మద్రాసు హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాంట్రాక్టు చట్టంలోని నష్టపరిహార సూత్రాలు ఈ జప్తుకు వర్తించవని, పాటదారులు ఆటలాడకుండా ఉండాలంటే ఈ నిబంధన కఠినంగా ఉండక తప్పదని ధర్మాసనం అభిప్రాయపడింది.

బ్యాంకే మాట మార్చిన వేళ

ఆ తీర్పుకు కొద్ది నెలల ముందు సుప్రీంకోర్టు ఎదుటకు దీనికి సరిగ్గా తిరగబడ్డ వ్యవహారం వచ్చింది. యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా నవీ ముంబయిలోని ఒక తాకట్టు ఆస్తిని ఎనిమిదిసార్లు వేలానికి పెట్టినా కొనేవారు రాలేదు. 2023 జూన్ 30న జరిగిన తొమ్మిదవ ఈ-వేలంలో సెలిర్ అనే సంస్థ 105.05 కోట్ల రూపాయలకు పాడుకుంది. జులైలోనే మొత్తం సొమ్మునూ చెల్లించింది. విక్రయ ధ్రువపత్రం మాత్రం చేతికి రాలేదు. ఈలోగా రుణగ్రహీత అయిన బఫ్నా మోటార్స్ 129 కోట్లు కట్టి ఆస్తిని విడిపించుకుంటామని ముందుకు వచ్చింది. బ్యాంకు అందుకు సమ్మతించింది. ఆగస్టు 17న బొంబాయి హైకోర్టు అనుమతి కూడా ఇచ్చింది. పాట గెలిచి, పూర్తి సొమ్ము కట్టిన కొనుగోలుదారు బయట నిలబడవలసి వచ్చింది.

2023 సెప్టెంబరు 21న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. సర్ఫేసీ చట్టంలోని 13(8) సెక్షన్‌ను 2016లో సవరించారు. దాని ప్రకారం బాకీ మొత్తాన్ని చెల్లించి ఆస్తిని విడిపించుకునే హక్కు రుణగ్రహీతకు వేలం ప్రకటన వెలువడే తేదీకి ముందు వరకే ఉంటుంది. అంతకు పూర్వం, విక్రయం పూర్తయి ఆస్తి బదిలీ అయ్యేవరకు ఆ హక్కు ఉండేది. సవరణ తరువాత పరిస్థితి మారిందని, విక్రయాన్ని ధ్రువీకరించిన బ్యాంకు ధ్రువపత్రం ఇవ్వవలసిందే తప్ప రుణగ్రహీతతో చాటున బేరం కుదుర్చుకోవడం తగదని న్యాయస్థానం తప్పుపట్టింది. వేలాల పవిత్రతను కాపాడకపోతే పాట పాడేందుకు ఎవరూ ముందుకు రారన్నది ఆ తీర్పు సారాంశం.

అయినా ఆ గెలుపు ఉచితంగా దక్కలేదు. రుణగ్రహీత ఇవ్వజూపిన 129 కోట్లకు సమానం చేస్తూ మరో 23.95 కోట్ల రూపాయలు చెల్లించేందుకు కొనుగోలుదారు ముందుకు రావలసి వచ్చింది. తీర్పు తరువాత కూడా ఆస్తి, పత్రాల స్వాధీనం కోసం కోర్టు ధిక్కార పిటిషన్ వేయక తప్పలేదు. దానిపై 2024 డిసెంబరు 13న మరో తీర్పు వెలువడింది. వంద కోట్లు పెట్టగలిగిన సంస్థ పరిస్థితే ఇలా ఉంటే, నగలు తాకట్టు పెట్టి ఇల్లు పాడుకున్న చిరుద్యోగి సంగతి ఊహించవచ్చు.

ఎక్కువ ధర వస్తుందన్న ఆశ

విక్రేతలు వెనక్కి తగ్గడానికి రెండవ కారణం ధర. 2021లో దివాలా చట్టం కింద జరిగిన ఒక ఈ-వేలంలో ఈవా ఆగ్రో ఫీడ్స్ అనే సంస్థ ఏకైక పాటదారుగా కనీస ధర అయిన 10 కోట్ల రూపాయలకు ఆస్తిని పాడుకుంది. మళ్లీ వేలం వేస్తే ఇంకా ఎక్కువ వస్తుందన్న ఆలోచనతో లిక్విడేటర్ దానిని రద్దు చేశారు. 2023 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ రద్దును తోసిపుచ్చింది. మోసం గానీ, కుమ్మక్కు గానీ లేనప్పుడు కేవలం అధిక ధర ఆశతో సక్రమమైన వేలాన్ని రద్దు చేయరాదని తేల్చిచెప్పింది.

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక దేవాలయ భూమి విషయంలోనూ ఇదే సూత్రం పనిచేసింది. ఆ వేలం 1998లో జరిగింది. ఆన్‌లైన్ పద్ధతి అప్పటికి లేదు. తరువాత ఇతరులు ఎక్కువ ఇస్తామన్నారన్న కారణంతో మళ్లీ వేలం వేయాలని వచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో రద్దు చేసింది. వేలంలో పాల్గొనని వారు తరువాత వచ్చి అధిక ధర చూపితే పాటను తిరగదోడడం సరికాదన్నది. పాటదారుకు న్యాయం దక్కింది. అందుకు 24 సంవత్సరాలు పట్టింది.

మార్కెట్ యార్డులో వేరే న్యాయం

విక్రేత 'వద్దు' అనడం అన్నిచోట్లా తప్పు కాదు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) విధానంలో నిజామాబాద్ యార్డుకు పసుపు తెచ్చిన రైతు గేటు వద్ద లాటు సంఖ్య పొందుతాడు. వ్యాపారులు ఆన్‌లైన్‌లో ధర కోట్ చేస్తారు. గడువు ముగిశాక అత్యధిక ధర ఎంతో తెలుస్తుంది. అది గిట్టుబాటు కాదనుకుంటే రైతు నిరాకరించవచ్చు. ఆ హక్కు విధానంలోనే భాగం. వ్యాపారికి ఆ సంగతి ముందే తెలుసు. పైగా ఆ దశలో అతని సొమ్ము ఏదీ రైతు చేతిలో ఉండదు.

బ్యాంకు వేలంలో అలా కాదు. ధర నచ్చకపోతే నిరాకరించేందుకు బ్యాంకుకు కనీస ధర అనే రక్షణ ముందే ఉంది. ఆ ధరను నిర్ణయించేది బ్యాంకే. దానిపైన పాడిన వ్యక్తి సొమ్మును పుచ్చుకున్నాక వెనక్కి తగ్గడాన్ని రైతు నిరాకరణతో పోల్చలేము.

రుణగ్రహీత వాదననూ తోసిపుచ్చలేం

ఇందులో మూడవ పక్షం కూడా ఉంది. వ్యాపారం దెబ్బతిని ఇల్లు పోగొట్టుకుంటున్న కుటుంబం చివరి నిమిషంలో బంధువుల వద్ద అప్పు చేసి బాకీ తీరుస్తామంటే కాదనడం కఠినంగానే కనిపిస్తుంది. అందుకే నోటీసు నిబంధనలు కీలకం. తొలి వేలానికి 30 రోజులు, అది విఫలమై మళ్లీ వేసే వేలానికి 15 రోజుల వ్యవధితో ప్రకటన ఇవ్వాలి. ఒక ప్రాంతీయ భాషా పత్రిక సహా రెండు ప్రధాన పత్రికల్లో అది రావాలి. ఈ నియమాలను బ్యాంకు ఉల్లంఘిస్తే విక్రయం చెల్లకుండా పోతుంది. అప్పుడు నష్టపోయేది ఏ పాపమూ ఎరుగని పాటదారే.

ఈ చట్టంలోని సెక్షనుకూ, దాని కింది నిబంధనలకూ పొంతన కుదరడం లేదని 2025 సెప్టెంబరు 22న మరో తీర్పులో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. వేలం ప్రకటనతోనే విడిపించుకునే హక్కు ముగుస్తుందని పునరుద్ఘాటిస్తూ, ఈ లోపాలను సరిదిద్దవలసిందిగా కేంద్రానికి సూచించింది.

పాటదారు ఏమి చూసుకోవాలి?

వివాదం తలెత్తితే తెలుగు రాష్ట్రాల వారు హైదరాబాద్ లేదా విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. బ్యాంకు చర్య జరిగిన 45 రోజులలోగా దరఖాస్తు చేయాలి. అక్కడి తీర్పుపై అప్పీలు చేయాలంటే కోల్‌కతాలోని అప్పీలేట్ ట్రైబ్యునల్ గడప తొక్కాలి. ఆదిలాబాద్ నుంచో, అనంతపురం నుంచో వెళ్లే సామాన్యుడికి అది చిన్న ప్రయాణం కాదు. కనుక ముందు జాగ్రత్తే మేలు.

ప్రకటన తేదీకీ వేలం తేదీకీ మధ్య గడువు సరిపోయిందా, రెండు పత్రికల్లోనూ వచ్చిందా అన్నది మొదట చూడాలి. ఆస్తి బ్యాంకు వాస్తవ స్వాధీనంలో ఉందో, కాగితంపైనే ఉందో అడిగి తెలుసుకోవాలి. కాగితంపైనే ఉంటే కలెక్టరు లేదా చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు వచ్చేవరకు తాళం చేతికి రాదు. ట్రైబ్యునల్‌లో ఆ ఆస్తిపై కేసు పెండింగులో ఉందేమో విచారించాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ తీసుకోవాలి. 75 శాతం సొమ్ముకు దారి చూసుకోకుండా పాటకు దిగరాదు. సొమ్ము కట్టిన వెంటనే విక్రయ ధ్రువీకరణ లేఖను, ఆపై ధ్రువపత్రాన్ని రాతపూర్వకంగా కోరాలి.

సరిచేయవలసింది ఇదే

కోర్టులు చెప్పవలసింది చెప్పాయి. ఇక మిగిలింది నిబంధనల సవరణ. పాటదారు తప్పుకుంటే 25 శాతం జప్తు అని రాసిన నిబంధనల్లోనే, ధ్రువీకరించిన విక్రయం నుంచి బ్యాంకు తప్పుకుంటే సొమ్మును ఎన్ని రోజుల్లో, ఎంత వడ్డీతో, ఎంత పరిహారంతో తిరిగి ఇవ్వాలో కూడా రాయాలి. పూర్తి సొమ్ము చెల్లించిన తరువాత ధ్రువపత్రం జారీకి గట్టి గడువు పెట్టాలి. అందువల్ల బ్యాంకులకు నష్టమేమీ లేదు. పాట నిలుస్తుందన్న నమ్మకం ఉంటే పాడేవారు పెరుగుతారు, ధరా పెరుగుతుంది. పెరిగిన ధర రుణగ్రహీత బాకీని మరింతగా తీరుస్తుంది. పల్లె వేలంలో 'మూడోసారి' అన్న మాట ఉభయులనూ కట్టిపడేసినట్లే, తెరపై ముగిసిన పాటా ఇరువైపులా కట్టిపడేయాలి.