కాగితాలు పారవేయకండి



ఇంట్లో ఒకరు ఘోరంగా గాయపడి మంచాన పడితే, వారి వాళ్ళు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో వకీళ్ళ బోర్డులు చదువుకుంటూ తిరగడం మేము చూశాము. ఎవరిని నమ్మాలో తెలియదు, చేతిలో డబ్బుండదు.

ఇదే నగరంలో 1990లో, నిమ్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ తర్వాత ప్రశాంత్ ధనంక అనే ఇంజనీరింగ్ విద్యార్థికి నడుము క్రింది భాగం చచ్చుబడిపోయింది. ఆయన సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించారు. కోటి రూపాయల పరిహారం ఇవ్వాలని 2009లో తీర్పు వచ్చింది. 19 ఏండ్ల ఓర్పు అది!

అందరూ అలా వాదించలేరు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆసుపత్రి చీటీలు, బిల్లులు భద్రపరచండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

గాయపడినవాని కొరకు ప్రార్థించే మనము, వానితో కోర్టు మెట్లు కూడా ఎక్కుదము.