పట్టుకున్న చేతిదే బాధ్యత

హైదరాబాదు, విజయవాడ, కర్నూలు వంటి నగరాలలో ఏ షాపింగ్ మాల్ ముందు, ఏ ఆసుపత్రి ముందు, ఏ ఫంక్షన్ హాల్ ముందు నిలిచినా యూనిఫారం తొడుక్కున్న యువకులు కనబడతారు. వారిలో మన పేటల పిల్లలు ఎందరో ఉన్నారు. పదో తరగతితోనో ఇంటర్‌తోనో చదువు ఆగిపోయి, ఇంటి భారం నెత్తిన పడినవారికి త్వరగా దొరికే కొలువు ఇది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది, తల్లిదండ్రులు కాస్త స్థిమితపడతారు. అయితే ఆ కొలువులో ఒకనాడు ఎవరినైనా పట్టుకోవలసి వచ్చి, ఆ మనిషికి ప్రాణాపాయం కలిగితే చట్టం ఎవరి తలుపు తడుతుంది? ఈ ప్రశ్నను మన ఇళ్ళలో ఎవరూ వేసుకోవడం లేదు. అందుకే దానిని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మొదట గ్రహించవలసింది, యూనిఫారం వల్ల ఏ అధికారమూ సంక్రమించదని. ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణకు పార్లమెంటు 2005లో చేసిన చట్టం ప్రైవేటు భద్రతను నిర్వచిస్తూ, అది ప్రభుత్వ సేవకుడు కాని వ్యక్తి అందించే భద్రత అని స్పష్టంగా చెప్పింది. అంటే మాల్ గుమ్మం దగ్గర నిలబడిన గార్డుకు, ఆ గుమ్మం దాటి వెళ్ళే సాధారణ పౌరుడికి చట్టం దృష్టిలో ఉన్న అధికారం ఒక్కటే. పోలీసు దుస్తులను పోలిన యూనిఫారం వేసుకోవడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే.

సాధారణ పౌరుడు ఇంకొకరిని ఎప్పుడు నిర్బంధించవచ్చు? భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 40వ సెక్షన్ దీనికి హద్దులు గీసింది. కళ్ళ ముందే నేరం జరగాలి. అది వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగినదీ, బెయిలు హక్కుగా దొరకనిదీ అయి ఉండాలి. లేదా ఆ వ్యక్తి కోర్టు ప్రకటించిన నేరస్థుడై ఉండాలి. పట్టుకున్న తరువాత అనవసరమైన ఆలస్యం లేకుండా, ఏమైనా 6 గంటలలోపు, పోలీసులకు అప్పగించాలి. అనుమానం వచ్చిందని, ఎదురు మాట్లాడాడని, చూడడానికి తేడాగా ఉన్నాడని ఎవరినీ గదిలో కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు.

చిన్న దొంగతనాల విషయం మరీ చిక్కైనది. కొత్త చట్టాలు 2024 జులై 1న అమలులోకి వచ్చాక, సొత్తు విలువ 5,000 రూపాయల లోపున్న సాధారణ దొంగతనాన్ని బెయిలు దొరికే నేరంగా, పోలీసులు సైతం వారంటు లేకుండా అరెస్టు చేయజాలని నేరంగా వర్గీకరించారు. సరుకు దాచే భవనంలో జరిగిన దొంగతనానికి వేరే సెక్షన్ ఉంది, దాని వర్గీకరణ వేరు. ఏ సెక్షన్ వర్తిస్తుందో న్యాయవాదులే తర్జనభర్జన పడే చోట, ఏ పాఠమూ చెప్పకుండా నిలబెట్టిన 20 ఏళ్ళ కుర్రాడు ఒక సబ్బుబిళ్ళ కోసం మనిషి మెడ పట్టుకుంటున్నాడు! అతడు చేయవలసిన పని 112కు ఫోన్ చేయడం, చూసినది చూసినట్లు చెప్పడం. అంతకు మించి చేస్తే నేరం అతని వైపుకు తిరుగుతుంది.

ఆత్మరక్షణ హక్కు ఉంది కదా అని అనేవారున్నారు. ఉంది. తన శరీరాన్ని, ఇతరుల శరీరాన్ని, ఆస్తిని కాపాడుకునే హక్కును భారతీయ న్యాయ సంహిత గుర్తించింది. అయితే కాపాడుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయరాదని 37వ సెక్షన్ చెబుతున్నది. దొంగిలించిన వస్తువు తిరిగి చేతికి వచ్చిన క్షణంలోనే ఆస్తిని కాపాడుకునే హక్కు ముగుస్తుంది. ఆ తరువాత పడే ప్రతి దెబ్బా దాడే. అక్రమంగా ఒకచోట బంధించి ఉంచితే ఏడాది వరకు, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 5 ఏళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. ప్రాణం పోతుందని తెలిసి చేసినట్లు రుజువైతే శిక్ష ఇంకా పెద్దది. పోలీసులకే చట్టం గీత గీసింది: అరెస్టయిన వ్యక్తి పారిపోకుండా ఆపడానికి అవసరమైనంత మేరకే నిర్బంధం ఉండాలి.

ప్రాణం ఎలా పోతుందో కూడా తెలుసుకోవాలి. మనిషిని బోర్లా పడవేసి, చేతులు వెనక్కి విరిచి, వీపు మీద మోకాలు ఆనించినప్పుడు పక్కటెముకలు విప్పారవు, పొట్ట కదలదు, ఊపిరి లోపలికి వెళ్ళదు. అప్పటికే పరుగెత్తి అలసినవారికి, స్థూలకాయులకు, ఉబ్బసం లేదా గుండెజబ్బు ఉన్నవారికి, మద్యం మత్తులో ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. గాలి కోసం అతడు చేసే పెనుగులాటను పట్టుకున్నవారు తిరుగుబాటు అనుకుని ఇంకా గట్టిగా అదుముతారు. చివరకు అతడు కదలడం మానితే లొంగిపోయాడనుకుంటారు. 'ఊపిరాడటం లేదు అంటున్నాడంటే ఆడుతున్నట్లే కదా' అనే మాట మరో అపోహ. నాలుగు మాటలు పలకడానికి సరిపోయే గాలి ప్రాణం నిలపడానికి సరిపోదు.

అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోయింది ఈ విధంగానే. 20 డాలర్ల నకిలీ నోటు ఇచ్చాడన్న ఫిర్యాదుతో మొదలైన వ్యవహారం అది. సంకెళ్ళతో బోర్లా పడి ఉన్న మనిషి మెడ మీద ఒక పోలీసు అధికారి 9 నిమిషాలకు పైగా మోకాలు ఆనించి ఉంచాడు. అతనికి ఇరవై రెండున్నర ఏళ్ళ శిక్ష పడింది. అక్కడే ఉన్న మరొక అధికారి, ఫ్లాయిడ్‌ను పక్కకు తిప్పుదామా అని అడిగాడు. చేయవలసినది అతనికి తెలుసు, కాని చేయలేదు. కాళ్ళు పట్టుకున్న అతడు కూడా, చుట్టూ చేరిన జనాన్ని ఆపుతూ నిలబడిన ఇంకొకడు కూడా దోషులయ్యారు. నగర పాలకవర్గం ఆ కుటుంబానికి 2 కోట్ల 70 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. మన చట్టంలోనూ ఉమ్మడి ఉద్దేశంతో చేసిన పనికి అందరూ బాధ్యులే. నేను కాళ్ళు మాత్రమే పట్టుకున్నానన్న మాట కోర్టులో నిలుస్తుందనుకోరాదు.

శిక్షణ గురించి చట్టం మౌనంగా లేదు. కేంద్ర నమూనా నియమాల ప్రకారం గార్డుగా చేరేవారికి 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ, కనీసం 20 పనిదినాలపాటు ఇవ్వాలి. గుంపుల నియంత్రణ, ప్రథమ చికిత్స, శిక్షాస్మృతి ప్రాథమిక జ్ఞానం, ఆత్మరక్షణ హక్కు అందులోని అంశాలే. ప్రభుత్వ కార్యాలయాల ఫైళ్ళ మధ్య దశాబ్దాలు గడిపిన మాకు, కాగితం మీద ఉన్న గంటలకు, నేల మీద జరిగే గంటలకు మధ్య దూరం కొత్త కాదు. మాకు తెలిసిన కుర్రవాళ్ళలో చాలామందికి దక్కిన శిక్షణ ఒక జత బట్టలు, ఒక ఈల, సూపర్‌వైజర్ చెప్పిన నాలుగు మాటలు. జరగరానిది జరిగితే, ఉద్యోగి పనిలో చేసిన తప్పుకు యజమాని నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చు. కాని జైలుకు వెళ్ళేది మాత్రం చెయ్యి వేసిన కుర్రవాడే.

ఈ విషయానికి మనకు రెండో వైపు కూడా ఉంది. పట్టుకునేవారిలోనే కాదు, అనుమానంతో పట్టుబడేవారిలోనూ మనవాళ్ళున్నారు. మూకదాడుల నివారణకు జిల్లాకొక నోడల్ అధికారిని నియమించాలని 2018 జులై 17న సుప్రీంకోర్టు ఆదేశించింది. అయిదుగురు లేక అంతకన్నా ఎక్కువమంది కలిసి కులం, మతవర్గం, భాష వంటి కారణాలతో హత్య చేస్తే మరణశిక్ష లేదా యావజ్జీవం విధించవచ్చని కొత్త సంహిత చెబుతున్నది. ఆ న్యాయాన్ని అడిగే హక్కు మనకెంత ఉందో, మన చేతుల్లో చిక్కినవారికీ అంతే ఉంది.

మన సంస్థల ఆవరణలకు కూడా ఇది వర్తిస్తుంది. తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపంలో నడిచిన ఒక మానసిక రోగుల ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న నిప్పు అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక మరణించారు. మానసిక రోగులను గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. వారి మేలు కోసమే కట్టామనే మాట ఇక చెల్లదు.

కనుక మేము కోరేది ఇది. పిల్లవాడిని గార్డుగా పంపే తల్లిదండ్రులు జీతంతోపాటు ఏజెన్సీ లైసెన్సు, శిక్షణ ధ్రువపత్రం, ఇ.ఎస్.ఐ., భవిష్యనిధి గురించి అడగాలి. మస్జిద్ కమిటీలు, ఈద్‌గాహ్‌ల నిర్వాహకులు, జల్సాలు జరిపేవారు, ఫంక్షన్ హాళ్ళ యజమానులు లైసెన్సు లేని ఏజెన్సీని పిలవరాదు. సొంత వాలంటీర్లను నిలబెట్టేవారు ముందుగా ఒక పూట వైద్యుడిని, న్యాయవాదిని పిలిపించి పాఠం చెప్పించాలి. మెడ మీద, వీపు మీద, ఛాతీ మీద బరువు వేయరాదు. పెనుగులాట ఆగగానే పక్కకు తిప్పాలి లేదా కూర్చోబెట్టాలి. ఒకరు కేవలం ముఖాన్ని, శ్వాసను గమనిస్తూ ఉండాలి. స్పృహ తప్పితే వెంటనే 108ని పిలవాలి. ఇంతమాత్రం నేర్పడానికి పెద్ద ఖర్చు లేదు. లైసెన్సులిచ్చే రాష్ట్ర ప్రభుత్వాలు శిక్షణ సంస్థల హాజరు పట్టీలను తనిఖీ చేయాలని సంఘాల తరఫున వినతిపత్రాలు ఇవ్వాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది.

ఒక మనిషిని పట్టుకున్న క్షణం నుండి అతని ప్రాణం పట్టుకున్నవారి పూచీ. ఆ పూచీ ఎంత బరువైనదో యూనిఫారం చేతికి ఇచ్చేముందే మన పిల్లలకు చెప్పవలసినవారం మనమే.