అయిదొందల యెన్ల కుందేలు

"పాత కార్టూన్ రీళ్ళు పోగేసుకుని ఏం చేసుకుంటారండీ?" అని అడిగేవాళ్ళకి నేను జపాన్‌లోని ఒసాకా నగరం పేరు చెబుతుంటాను. అక్కడ రెండు జవాబులున్నాయి మరి!

మొదటిది కుందేలు కథ. 1927లో వాల్ట్ డిస్నీ, యూబ్ ఐవర్క్స్ కలిసి ఆస్వాల్డ్ అనే కుందేలును సృష్టించి, 26 చిన్న చిత్రాలు తీశారు. 1928లో డబ్బు దగ్గర పేచీ వచ్చింది. హక్కులేమో యూనివర్సల్ వారివి! కుందేలు చేజారింది, ఆ దెబ్బతో మిక్కీ మౌస్ పుట్టాడు. ఎలుక లోకాన్నే ఏలింది. కుందేలు రీళ్ళు మాత్రం కొన్ని అయిపు లేకుండా పోయాయి.

పోయినవాటిలో "నెక్ ఎన్ నెక్" ఒకటి. అది 2018లో దొరికింది. ఏ స్టూడియోలోనో కాదు, యసూషి వతనబే అనే కార్టూన్ చరిత్రకారుడి దగ్గర! హైస్కూల్లో చదివే రోజుల్లో ఒసాకా బొమ్మల బజారులో 500 యెన్లిచ్చి కొన్న 16 ఎం.ఎం. రీలు. పైన పేరు మిక్కీది, లోపలున్నది ఆస్వాల్డ్! ఇళ్ళలో ఆడించుకునేందుకు కుదించిన రెండు నిమిషాల ముక్కే. అయితేనేం, దాదాపు డెబ్భై ఏళ్ళు పారెయ్యకుండా దాచాడాయన.

రెండోది కత్తి కథ. 1917లో జునిచి కౌచి తీసిన "నమాకురా గతానా". మొద్దు కత్తి కొనుక్కున్న ఓ సమురాయ్, దాని పదును చూడబోయి తనే చావుదెబ్బలు తింటాడు. నాలుగు నిమిషాల మూకీ. 2007లో ఒసాకాలోనే పాత సామాన్ల సంతలో బయటపడింది. థియేటర్లలో ఆడిన జపాన్ కార్టూన్లలో ఇవాళ మిగిలినవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది!

ఇలాంటి బొమ్మలు చూసేటప్పుడు కథ కోసం కంగారుపడకండి. మనిషి నడక చూడండి, కళ్ళు తిప్పడం చూడండి. మాట లేదు కనుక నవ్వంతా అక్కడే పుట్టించాలి. రెండోసారి చూస్తే ఇంకా బాగుంటుంది.

మన దేశంలో తీసిన మూకీలు వెయ్యికి పైమాటే. మిగిలినవి కొన్ని పదులే! కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ... తాతగారి అటక మీద రీలు డబ్బా కనబడితే పాత సామాన్లవాడికి వేసెయ్యకండి. తొందరపడి ప్రొజెక్టర్‌కీ ఎక్కించకండి, ఎండిన ఫిల్ము పుటుక్కున తెగుతుంది. తెలిసినవాళ్ళకి చూపించండి. డబ్బా మీద రాసిన పేరు మాత్రం నమ్మకండి.

లోపల కుందేలు ఉండొచ్చు!