ఇంట గెలిచాం సరే, రచ్చ గెలిచేదెలా?



ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఇంట గెలవడం గురించి చెప్పేవారు చాలామందే ఉన్నారు గాని, రచ్చ గెలవడం ఎలాగో చెప్పేవారు తక్కువ. ఈ విషయం మీద నాకు ఆలోచన పుట్టింది గ్రంథాలయంలో కాదు, హాస్టలు గదిలో ఒక కంప్యూటరు ఆట ఆడుతుండగా. ఆ మాట వినగానే లెక్చరర్లు కొందరు ముఖం చిట్లిస్తారేమో! అయినా చెప్పక తప్పదు.

ఆ ఆట పేరు ఫుట్‌బాల్ మేనేజర్. ఇంగ్లండులో పాల్ కోలియర్, ఆలివర్ కోలియర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ 1992లో వెలువడింది. దాని వంశంలోదే ఇది. ఇందులో మనం బంతిని తన్నం. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి, ఎంత దూకుడుగా పోవాలి అన్నది చెప్పడమే మన పని. ఆ తర్వాత గట్టు మీద కూర్చుని చూడవలసిందే.

మొదటి సీజన్లో నా జట్టు సొంత మైదానంలో వరసగా గెలిచేది, బయటికి వెళితే చిత్తుగా ఓడేది. నాకు రోషం వచ్చి, బయటి మ్యాచి అనగానే వ్యూహమంతా మార్చేసి, పదిమందినీ గోలు ముందు గుంపుగా నిలబెట్టాను. ఇంకా ఘోరంగా ఓడాం. ఎందుకంటే ఈ ఆటలో కూడా జట్టుకి ఒక పద్ధతి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. రాత్రికి రాత్రి దాన్ని మారిస్తే ఆటగాళ్ళు తికమకపడతారు. చివరికి పనిచేసింది చాలా చిన్న మందు. అదే వ్యూహం, అదే మనుషులు. దూకుడు ఒక మెట్టు తగ్గించాను, వెనక వరసని కాస్త కిందికి జరిపాను, బంతి దొరికిన వెంటనే అంచుల్లో పరిగెత్తే కుర్రాళ్ళకి అందించమన్నాను. ఓటములు డ్రాలయ్యాయి, డ్రాలు కొన్ని గెలుపులయ్యాయి.

ఇదంతా కంప్యూటరు మాయ అని కొట్టిపారేయకండి. స్థానబలం సంగతి వేమన మొసలిని చూపించి మనకెప్పుడో చెప్పాడు. సైన్సు విద్యార్థిని కనుక నేను ఒక లెక్క కూడా చెబుతాను. కరోనా కారణంగా ఇంగ్లండు ప్రీమియర్ లీగు 2020–21 సీజను దాదాపు అంతా ప్రేక్షకులు లేకుండానే జరిగింది. మొత్తం 380 మ్యాచుల్లో సొంత మైదానంలో ఆడినవారు 144 గెలిస్తే, బయటినుంచి వచ్చినవారు 153 గెలిచారు. ఆ దేశపు అగ్రశ్రేణి పోటీల్లో అలా జరగడం అదే మొదటిసారి. గడ్డి అదే, గోలుపోస్టులు అవే. జనం కేక ఒక్కటే పోయింది. ప్రయాణపు అలసట వంటి కారణాలు కూడా ఉంటాయని ఒప్పుకుంటాను. కాని స్థానబలంలో సగానికి సగం మన చెవుల్లోనే ఉన్నదని నా ఉద్దేశం.

ఈ విద్యలో ఆరితేరిన పెద్దమనిషి ఎక్కడో విదేశాల్లో లేడు, మన హైదరాబాదులోనే ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసినవాడు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ పోటీలు జరిగేది బొంబాయిలో! అంటే ఆ అయిదు కప్పులూ పరాయి మైదానంలో తెచ్చుకున్నవే.

అంతటివాడికీ దెబ్బ తగలకపోలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్సుకి ఆయన శిక్షణలోనే వెళ్ళిన మన జట్టులో చాలామంది ఇక్కడి అలవాటు ప్రకారం బూట్లు లేకుండానే ఆడారు. ఆ చలిలో యుగొస్లావియా చేతిలో 1–10 తేడాతో ఓడిపోయాం. చోటు మారినా మనం మారకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పదేళ్ళ తర్వాత 1962లో జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవడం మీద మన క్రీడాధికారి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం మనవాళ్ళ మీద మండిపడుతున్నారు. ఫైనల్లో ఎదురు నిలిచింది దక్షిణ కొరియా, మొదటి మ్యాచిలో మనల్ని 2–0తో ఓడించిన జట్టే. పైగా రక్షణకి మూలస్తంభమైన జర్నైల్ సింగ్‌కి తలకి గాయమైంది. రహీం ఏంచేశాడు? బెదిరిపోయి అందర్నీ వెనక్కి లాగలేదు. మొదటి మ్యాచిలాగే ఆడించనూ లేదు. గాయపడ్డ ఆ రక్షకుణ్ణే సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ ముందు వరసలోకి పంపాడు. జనం గేలి చేస్తుండగా పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. 2–1తో బంగారు పతకం మనదైంది. మరుసటి ఏడు జూన్‌లో రహీం క్యాన్సరుతో కన్నుమూశాడు.

ఇదే సంగతి నేను ఇంట్లోనూ చూశాను. మాది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట వ్యవసాయం. ఒక ఏడాది నాన్నగారు డెల్టాలో మా మావయ్యగారి ఊళ్ళో నాలుగెకరాలు కౌలుకి తీసుకున్నారు. మా దగ్గర నీరు మోటారు స్విచ్చిలో ఉంటుంది, అక్కడ కాలవ వంతులో ఉంటుంది. మొదటి వారమంతా ఆయన పార పట్టలేదు. నీళ్ళు ఎటు వస్తున్నాయో, ఎటు పోతున్నాయో గట్టెంట తిరిగి చూశారు. “ఊరికే తిరుగుతున్నారేంటి నాన్నా?” అంటే, “ఒరే అబ్బాయ్, పార మనదేగాని నేల మనది కాదురా. ముందు దాని సంగతి తెల్సుకోవాలి” అన్నారు. నీళ్ళు పెట్టే తీరూ, ఊడ్పుల అదనూ మార్చుకున్నారు. తెల్లారకుండానే చేలో ఉండే అలవాటు మాత్రం మార్చుకోలేదు.

ఇక మన సంగతికొద్దాం. కిందటేడు మన కళాశాల ఫుట్‌బాల్ జట్టు పొరుగూరికి పోటీలకి వెళ్ళింది. రిజర్వు ఆటగాడిగా నేనూ వెళ్ళాను. రాత్రంతా బస్సులో కునికిపాట్లు పడి, పొద్దున్నే దిగి, ఆ పూటే ఆడాం. అవతలి వాళ్ళ కేకలు వినగానే “అందరం వెనకే ఉందాంరా” అనుకున్నాం. ఏడాదంతా సాధన చేసిన ఆట ఆ ఒక్క మాటతో మరిచిపోయాం. నాలుగు గోల్స్ పడ్డాయి. తప్పు మన కుర్రాళ్ళ కాళ్ళలో లేదు. హాస్టలు గదిలో నేను చేసిన తప్పునే నిజం మైదానంలో అందరం కలిసి చేశాం.

తెలుగు మీడియంలో చదివి ఇక్కడికొచ్చిన మాబోటి వాళ్ళకి క్లాసుగది కూడా బయటి మైదానమే. మొదటి ఏడు ఇంగ్లీషుకి జడిసి నేను చివరి బెంచీలో నోరెత్తకుండా కూర్చున్నాను. అది గోలు ముందు గుంపుగా నిలబడడం వంటిదే. తర్వాత పాఠం ముందురోజే తెలుగులో అర్థం చేసుకుని, పదాలు మాత్రం ఇంగ్లీషువి నేర్చుకుని వెళ్ళసాగాను. ఇప్పుడు ప్రశ్న అడగగలుగుతున్నాను. ఉచ్చారణకి ఇంకా నవ్వేవాళ్ళున్నారు, నవ్వనివ్వండి.

అందుచేత విద్యార్థి సంఘానికి నా మనవి మూడు ముక్కలు. బయటి పోటీకి జట్టును ఒకరోజు ముందుగా పంపండి. వారానికొక రోజు మన మైదానంలో కాక మరో మైదానంలో సాధన చేయించండి. వీలైతే ఒక సీనియరుని ముందుగా పంపి, ఆ నేల ఎలాంటిదో, ఎండ ఎటు కొడుతుందో చూసి రమ్మనండి. వార్షికోత్సవపు ఫ్లెక్సీల ఖర్చు కాస్త తగ్గించుకుంటే ఇదేమంత భారం కాదు.

రేపు డిగ్రీ పట్టా చేతికొచ్చాక మనలో అధిక సంఖ్యాకులు ఆడబోయేది పరాయి ఊళ్ళలోనే. ఆ మ్యాచికి కూడా ఇక్కడే సాధన మొదలుపెడదాం.

— బి.ఎస్‌సి. చివరి సంవత్సరం విద్యార్థి