ఎర్ర గులాబీలు ఎవరికోసం దాస్తున్నట్టు?

పాత వస్తువులు దాచేవాళ్ళు మన ఊళ్ళకు కొత్త కాదు. కోవిల్‌పట్టి, శివకాశి అగ్గిపెట్టెల లేబుళ్ళను ఆల్బమ్‌లో అతికించుకునేవాళ్ళున్నారు. పాత సినిమా పాటల పుస్తకాల కోసం విరుదునగర్ దాకా వచ్చి వెతుక్కునే మా మామ లాంటివాళ్ళూ ఉన్నారు. ఆయనకు చాలాకాలంగా దొరకనిది ‘ఎర్ర గులాబీలు’. భారతీరాజా 1978లో తీసిన ‘సిగప్పు రోజాక్కళ్’కి అది తెలుగు డబ్బింగు, 1979లో వచ్చింది. తమిళ సినిమా అందరికీ తెలిసిందే. తెలుగుదాన్ని చూసినవాళ్ళు మన తరగతిలో ఒక్కరైనా లేరు. “దొరకదు కాబట్టే కావాలి” అంటాడు మామ.

ఈ మాటే నాకు మింగుడుపడదు. కథ చూడండి. కమల్‌హాసన్ ఆడవాళ్ళను నమ్మించి తెచ్చి చంపుతాడు, తోటలో పూడ్చి పైన గులాబీలు పెంచుతాడు. ఆ హత్యలను ఫిల్ము తీస్తే, పెంచిన తండ్రి కూర్చుని చూస్తుంటాడు. అంటే ఆ కథలోనే ఒక కలెక్టర్ ఉన్నాడన్నమాట! (జిల్లా కలెక్టర్ కాదు లెండి.) చంపేవాడికీ, చూసి ఆనందించేవాడికీ తేడా ఎంత అని దర్శకుడు అడిగినట్టే నాకనిపిస్తుంది. కానీ వెనక కథలో తప్పంతా తీసుకెళ్ళి ఆడవాళ్ళ మీదే పెట్టాడు. చిన్నప్పుడు ఒక పిల్ల అబద్ధం చెప్పిందనీ, ఒక భార్య దారి తప్పిందనీ ఇంతమంది చావాలా? దీన్ని మనస్తత్వ శాస్త్రం అంటే నేనొప్పుకోను.

అలాగని సినిమాను పారెయ్యమనను. ఇళయరాజా నేపథ్య సంగీతం వింటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. శ్రీదేవికి అప్పుడు పదిహేనేళ్ళు, మనకంటే చిన్నది! ఆ ఇంటి గుట్టు కనిపెట్టి ప్రాణాలతో బయటపడేది ఆమే. దాచేవాళ్ళ కబుర్లలో కమల్ చూపులుంటాయి, రాజా బాణీలుంటాయి, రికార్డు అట్ట మీది రంగులు కూడా ఉంటాయి. ఆమె ఊసే ఉండదు.

ఇంకొకటి. మన ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. మన పెద్దవాళ్ళలో చాలామందికి తెలుగు చదవడం రాదు, వింటే మాత్రం మురిసిపోతారు. అలాంటి చోట ఒక తెలుగు సినిమా ఎవరి ట్రంకుపెట్టెలోనో పడివుంటే ఎవరికి లాభం? పుస్తకానికి వెల కట్టండి, కాదనను, కానీ లోపలున్న మాటలు నలుగురికీ వినిపించండి.

మీ ఇళ్ళలో ఎవరిదగ్గరైనా ఆ సినిమా క్యాసెట్టో సీడీయో ఉంటే డిపార్టుమెంటుకి తీసుకురండి. చూసి, ఆ వెనక కథ మీద గంటసేపు పోట్లాడుకుందాం.